పన్నెండు మందారాలు

టోకోరోవా,
3 మార్చి 1996

అక్కకి,

ముందు కూర్చో. టీ పక్కన పెట్టుకో. నన్ను తిట్టడానికి నీకు ఓపిక కావాలి.

జూన్‌లో మేం రావట్లేదు.

తిట్టేశావా? సరే, ఇప్పుడు కారణం విను. పోయిన నెల ఆక్లండ్ నుంచి ఫ్రాన్సెస్ అనే ఆవిడ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అక్కడ ఒక గ్యాలరీ నడుపుతుందట. మన చర్చి హాల్లో ఎవరి పెళ్ళికో నేను పూలు గీసి కత్తిరించిన తీవాయ్‌వాయ్ బొంత చూసి, ఈ పూలు ఎవరివి అని ఊరంతా అడిగి, చివరికి నా వంటింట్లో తేలింది. నవంబరులో పెద్ద ప్రదర్శన పెడుతున్నారు. ఒక గోడ మొత్తం నాకిస్తానంది. పక్కన నా పేరు అచ్చు వేయిస్తానంది.

"మంచం మీద పరిచే దుప్పటిని గోడకెందుకు కడతారమ్మా?" అని అడిగాడు మా ఆయన. ఆవిడ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో ఊరందరి దుప్పట్లూ ఉతికాను. అక్కడ నా పేరు ఎవరికైనా తెలుసా? 'లాండ్రీలో ఆ పొట్టావిడ.' అంతే. రిటైరై రెండు నెలలు కాలేదు, పేరు అచ్చు వేస్తామని ఒకరు ఇంటికొచ్చారు. కాదనడానికి నోరు రాలేదక్కా.

మనవాళ్ళు పదిమంది కూర్చుని కుడతారు, కుట్టింది పెళ్ళికో చావుకో ఇచ్చేస్తారు, పేరు ఎవరిదీ ఉండదు. ఇది మాత్రం నేనొక్కదాన్నే కుడతాను. నలభై ఎనిమిది ఎర్ర మందారాలు, తెల్ల గుడ్డ మీద. అరవై ఆరేళ్ళకి పుట్టిన ఆశ, కాస్త ముద్దు చెయ్యి.

మా ఆయన పయేరే 'సరే' అన్నాడు. ఆ 'సరే' ఎలాంటిదో నీకు తెలుసుగా. మిల్లులో రంపాల ముందు ముప్ఫై ఐదేళ్ళు నిలబడి, రిటైరయ్యాక మన అతియూ దీవికి వచ్చి చేపలు పట్టుకుందామని రోజులు లెక్కపెట్టుకున్న మనిషి. కొత్త గాలం కర్ర కూడా కొన్నాడు. ప్రస్తుతం అది గరాజ్‌లో గోడకి ఆనించి ఉంది, దాని పక్కనే ఆయనా ఉన్నాడు.

ప్రదర్శన అయిపోగానే వచ్చేస్తాం. ఒట్టు.

నీ చెల్లెలు
అకాయితీ


అరెయోరా, అతియూ,
19 మార్చి

అకాయితీకి అక్క రాయునది.

కూర్చున్నాను, టీ కూడా తాగాను, ఓపిక వచ్చింది. ఇక మొదలెడుతున్నా.

ఒసే, జూన్‌లో చెల్లెలొస్తోందని నేను ఊరంతా చాటింపు వేశాను. నీకోసం ఒక పందిని మేపుతున్నాను కూడా. నీ పుణ్యమా అని దానికి ఆర్నెల్లు ఆయుష్షు పెరిగింది. రోజూ నావైపు చూసి మరీ తింటోంది.

నువ్వు బాగా కుడతావు. కాదని ఎవరన్నా అంటే వాళ్ళ నోరు నేనే మూయిస్తాను. మందారం గియ్యడంలో నీ తర్వాతే ఎవరైనా. కానీ ఒక్కదానివే కుడతానంటున్నావు చూడు, అది నాకు మింగుడుపడలేదు. ఒక్కదానివే కూర్చుంటే కబుర్లు ఎవరితో చెప్తావు? కోడళ్ళని ఎవరు ఆడిపోసుకుంటారు? వడ్డించిన అరటిపండు పోకే తిని, ఇందులో పంచదార తక్కువైందని ముఖం మీదే ఎవరు చెప్తారు? అలా కుడితే అది పనే అవుతుందే. పని నువ్వు లాండ్రీలో చేసేశావుగా.

సరే, నీ ఇష్టం. పేరు కావాలనుకోవడం తప్పు కాదు. నాకూ చిన్నప్పుడు పాస్టరమ్మ అవ్వాలని ఉండేది. పాస్టర్‌ని చూశాక మానుకున్నాను.

నాకు డెబ్బై ఒకటి నిండాయి. నవంబరు అంటున్నావు, నవంబరే. అంతకంటే జరిపితే మాత్రం ఒప్పుకోను.

మీ ఆయనకి చెప్పు, ఇక్కడ తుమునూలో అతని చోటు ఖాళీగానే ఉంది. మగాళ్ళంతా ఆ నారింజ సారా చుట్టూ చేరి ముందు ప్రార్థన చేసుకుని, తర్వాత తాగి, తర్వాత పాడుతున్నారు. వరస మారలేదు.

అక్క
వెరియారా


టోకోరోవా,
12 మే

అక్కా,

ముందుగది అంతా గుడ్డే. సోఫా బయట పెట్టేశాం. పయేరే అన్నం పళ్ళెం పట్టుకుని మెట్ల మీద కూర్చుని తింటున్నాడు. నిన్న అడిగాడు, "ఈ మందారాలకి నీళ్ళు పొయ్యాలా, లేకపోతే నాకు మంచినీళ్ళు దొరుకుతాయా?" అని. నవ్వొచ్చింది కానీ లేచి నీళ్ళివ్వలేదు. ఆయనే తెచ్చుకున్నాడు.

పన్నెండు పూలయ్యాయి. ఒక్కో పువ్వుకి రేకులకి ఎరుపులో మూడు రంగుల దారం, పుప్పొడికి పసుపు. రోజుకి పది గంటలు కూర్చుంటున్నాను. నడుం నాది కానట్టుంది. చర్చి ఆడవాళ్ళు రెండుసార్లు వచ్చి సాయం చేస్తామన్నారు. వద్దన్నాను. మూడోసారి రాలేదు. ఆదివారం పలకరించారు కానీ, పక్కన మాత్రం కూర్చోలేదు.

ఇలా అయితే నవంబరుకి అవ్వదు. అందుకని ఒక పని చేశాను, కోప్పడకు. పన్నెండు పూలు కత్తిరించి, దారాలతో సహా పార్సిల్ కట్టి నీకు పంపుతున్నా. రేకుల మీద కుట్టు నువ్వు వేసి పంపు. నీ కుట్టూ నా కుట్టూ అమ్మకే తేడా తెలిసేది కాదు, ఇంక గ్యాలరీవాళ్ళకేం తెలుస్తుంది? నీకు కాక ఇంకెవరికిస్తాను?

అకాయితీ


అరెయోరా,
21 జూన్

చెల్లీ,

అంటే కుట్టు నాది, పేరు నీది. బాగుందే నీ ఏర్పాటు. కుట్టాను మరి, ఏం చేస్తాను.

పన్నెండూ ఈ పార్సిల్లో ఉన్నాయి. ఇక్కడ ఒకటే వాన, ఇంట్లో వెలుతురు లేదు, వరండాలో కూర్చుని కుట్టాను. నా పద్ధతిలో నేను కుట్టాను. నచ్చకపోతే నోరు మూసుకో.

చేమ దుంపలు బాగా ఊరాయి. పంది కుశలం. ఉత్తరం పొట్టిగా ఉందనుకోకు, విమానం వచ్చే వేళయింది.

వెరియారా


టోకోరోవా,
18 జూలై

అక్కా,

పూలు అందాయి. చాలా బాగున్నాయి. వంక పెట్టడానికేం లేదు. ఇప్పటికి ముప్ఫై ఎనిమిది పూర్తయ్యాయి, ఇంకో పది ఉన్నాయి.

ఒక కబురు. పయేరే వస్తున్నాడు. ఒక్కడే. పోట్లాట ఏమీ జరగలేదు, కంగారుపడకు. పోయిన సోమవారం భోజనం చేస్తూ, మెట్ల మీదే, "అకాయితీ, నువ్వు నీ పూలు కుట్టుకో, నేను వెళ్ళి చేమ నాటుతాను, నువ్వొచ్చేసరికి దుంప ఊరుతుంది" అన్నాడు. నేను సూది ఆపకుండానే "వెళ్ళు" అన్నాను. ఆయన కొంచెంసేపు నన్నే చూశాడు. వద్దంటానేమో అనుకున్నట్టున్నాడు.

గాలం కర్ర కూడా తెస్తున్నాడు. నీ ఇంట్లోనే ఉంటాడు. దుంపకూర పెట్టు, గురక పెడితే బయట పడుకోమను. మోకాలికి నూనె రాసుకోమని రోజూ చెప్పు, చెప్పకపోతే రాసుకోడు.

ఇల్లు విశాలమైంది. సోఫా లోపలికి తెచ్చుకోవచ్చు.

అకాయితీ


అరెయోరా,
25 ఆగస్టు

చెల్లీ,

ఈ చేతిరాత ఎవరిదో గుర్తుపట్టే ఉంటావు. చేమ దుంపలు గీరుతుంటే నా మణికట్టు బెణికింది. అందుకని నేను చెప్తున్నా, నీ మొగుడు రాస్తున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాను.

(వేయించుకుంది. — పయేరే)

ఇతని సంగతి చెప్తాను విను. వచ్చిన మూడో రోజే పగడపు రాళ్ళ మీదికి వెళ్ళాడు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాడు. ఎన్ని పట్టావని అడిగితే, "రెండు జారిపోయాయి" అన్నాడు. పట్టుకున్నవి అడిగితే జారిపోయినవి చెప్తున్నాడు.

(పెద్దవి. మోచేయంత. — ప.)

తుమునూకి వెళ్ళి ప్రార్థన తానే చేస్తానని పట్టుబట్టాడట. ముప్ఫై ఐదేళ్ళ ప్రార్థన అంతా ఒకేసారి చేశాడట. అందరి గొంతులూ ఎండిపోయాయి. ఇప్పుడు అతన్ని చూడగానే ముందే 'ఆమెన్' అంటున్నారు.

(ఇది నేను రాయనన్నాను. ఒట్టు గుర్తుచేసింది.)

చేమకి మడి దున్నాడు. పక్కింటివాళ్ళ కప్పు బాగుచేశాడు. రంగు మారాడు, కండపట్టాడు. సుఖంగా ఉన్నాడు. నీ పూలు ఎంతవరకు వచ్చాయని ప్రతి విమానానికీ ఉత్తరం కోసం వెళ్తాడు.

నేను బాగానే ఉన్నాను. మణికట్టు తప్ప.

(మోకాలికి నూనె రాసుకుంటున్నాను. — ప.)

వెరియారా


టోకోరోవా,
8 సెప్టెంబరు

అక్కా,

ఈ ఉత్తరం పయేరే నీకు చదివి వినిపిస్తాడని తెలిసే రాస్తున్నాను. పయేరే, ఏదీ మింగెయ్యకుండా చదువు.

నేను నీకు అబద్ధం చెప్పాను. నువ్వు పంపిన పూలు బాగాలేవక్కా. ఒక కుట్టు గోరంత, ఇంకోటి వేలెడంత. ముదురెరుపు ఉండాల్సిన చోట నారింజ దారం. రెండు పూలకి రేకు అంచు దాటి పక్క రేకులోకి పోయింది సూది. పార్సిల్ విప్పగానే నాకు ముందు కోపమొచ్చింది. అశ్రద్ధగా కుట్టిందనుకున్నాను. పేరు నాదని అక్కసుతో కుట్టిందనుకున్నాను. నీ గురించి అలా అనుకున్నాను. కూర్చుని నీ కుట్లన్నీ, పన్నెండు పూలవీ, ఒక్కటి మిగల్చకుండా విప్పేశాను. మళ్ళీ నేనే కుట్టాను.

చిన్నప్పుడు పిన్ని వేసిన కుట్టు వంకరగా ఉందని నేను విప్పితే అమ్మ నన్ను కొట్టింది. ఒకరి కుట్టు ఇంకొకరు విప్పకూడదంది. అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇప్పుడు అరవై ఆరు, కొట్టడానికి ఎవరూ లేరు.

నిన్న ఆఖరి పువ్వు పూర్తయింది. నలభై ఎనిమిది. నేల మీద పరిచి చూశాను. ఒక్క వంక లేదు. చూపించడానికి ఇంట్లో మనిషి లేడు. అప్పుడు మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నువ్వు కుడిచేత్తో దుంప గీరవు. ఎడంచేత్తో గీరి, కుడిచేత్తో రాస్తావు. మరి బెణికిన మణికట్టు ఏదక్కా?

నీ కళ్ళకి ఏమైంది?

అకాయితీ


అరెయోరా,
17 సెప్టెంబరు

అకాయితీ,

ఇది నా చేత్తో రాస్తున్నా. లైను మీద లైను పడితే నువ్వే ఊహించి చదువుకో. నీ మొగుడు చేపలకి వెళ్ళాడు, ఇది అతని చేత రాయించే ఉత్తరం కాదు.

ఎడమ కన్ను పోయింది. కుడిదానితో ముందున్నది కనపడుతుంది, పక్కవి కనపడవు. రరోటోంగా దీవిలో డాక్టరు కంటి నరం ఎండిపోతోందన్నాడు. చుక్కలు వేసుకుంటే ఉన్నది కొన్నాళ్ళు నిలుస్తుందట, పోయింది రాదు. ఉన్న చూపు ఈ ఏడాది నిలిస్తే గొప్పేనన్నాడు. నీకు చెప్పలేదు. చెప్తే సూది పారేసి వస్తావు, తర్వాత ఆ గోడ తలుచుకుని జీవితాంతం నన్ను సాధిస్తావు. నీ సంగతి నాకు తెలీదా?

కుట్లు విప్పేశావన్నావు. అది విన్నాక రెండు రోజులు నీ పేరు ఎత్తలేదు నేను. పయేరే చదువుతూ ఆ మాట దగ్గర ఆగిపోయాడు, ముందుకు చదవమన్నాను. కోపమొచ్చింది. ఇంకా ఉంది. ఆ పన్నెండు పూలకీ నాకు నెల పట్టిందే. వేలితో అంచు తడిమి, సూది గుచ్చి, మళ్ళీ తడిమి కుట్టాను. వేళ్ళన్నీ పొడుచుకున్నాను. చెల్లెలు అడిగింది కదా అని కుట్టాను. అవి వంకరగా ఉన్నాయని నాకు తెలియదనుకున్నావా?

ఇక రెండోది. నేను చెప్పి రాయిస్తే ఇది అతను రాయడు, అందుకే నేను రాస్తున్నా. నీ మొగుడు సుఖంగా ఉన్నాడని రాయించాను కదా, అది సగమే నిజం. పొద్దున్నే రెండు కప్పుల కాఫీ పోస్తాడు. ఒకటి తాను తాగుతాడు, రెండోది గట్టు మీద పెడతాడు. నాకేమో అనుకున్నాను మొదట్లో. నేను కాఫీ ముట్టనని అతనికి నలభై ఏళ్ళుగా తెలుసు. అది చల్లారిపోయాక అరటిచెట్టుకి పోసి, కప్పు కడిగి పెడతాడు.

ఇప్పుడు నా మాట విను. ప్రదర్శన మానేస్తానని మాత్రం ఉత్తరం రాయకు. ముఖం వేలాడేసుకుని నా పక్కన కూర్చునే చెల్లెలు నాకొద్దు. నాకు గోడ కావాలి, గోడ మీద నీ పేరు కావాలి. కానీ నువ్వు మళ్ళీ కుట్టిన ఆ పన్నెండు పూలూ నీ చేత్తోనే విప్పు. కొత్తవి కత్తిరించుకుని, ఆ బొంత మడిచి, విమానం ఎక్కిరా. ఇక్కడ పదిమందిమి ఉన్నాం. దారం ఎక్కించి వాళ్ళిస్తారు, కుట్టు నేను వేస్తాను. పూలు ఎలా వస్తే అలా వస్తాయి. తర్వాత పట్టుకెళ్ళి గోడకి కట్టుకో.

కుదరదంటే కుదరదని రాయి. పందిని మాత్రం వచ్చే నెలలో కోసేస్తున్నా.

వెరియారా


టోకోరోవా,
29 సెప్టెంబరు

అక్కా,

విప్పేశాను. రెండు రోజులు పట్టింది. చర్చి ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి తప్పైందన్నాను. నలుగురొచ్చి నాతో కూర్చుని విప్పారు. పోకేలో పంచదార తక్కువైందన్నారు.

ఫ్రాన్సెస్‌కి ఫోన్ చేసి, నవంబరు పదోతేదీకి తెస్తాను, కానీ పన్నెండు పూలు మిగతావాటిలా ఉండవు అన్నాను. ఎలా ఉంటాయంది. నాకూ తెలీదన్నాను.

అక్టోబరు పన్నెండో తేదీ శనివారం విమానానికి వస్తున్నా. మూడు వారాలు ఉంటాను. పందిని ఆ రోజుదాకా బతకనివ్వు, గుంతపొయ్యి తవ్వడం పయేరేకి అప్పజెప్పు.

పయేరే, నువ్వు ఇది చదివి వినిపిస్తున్నావు కదా, ఇక్కడ ఆగి, నీ మటుకు నువ్వు చదువుకో. నీళ్ళడిగిన రోజు లేచి ఇవ్వాల్సింది. ఆ రెండో కప్పులో పంచదార వెయ్యకు. డాక్టరు వద్దన్నాడు.

అకాయితీ


ఆక్లండ్,
19 నవంబరు

అక్కకీ, పయేరేకీ,

నిన్న సాయంత్రం ప్రదర్శన మొదలైంది. ఇంతమంది జనం ఉంటారనుకోలేదు. తీవాయ్‌వాయ్‌ని గోడకి పైనుంచి కిందికి కట్టారు, దీపాలు పెట్టారు. ఫ్రాన్సెస్ మంచిదే కానీ, ఒక మాటంది, అక్క పూలున్న మూలని కిందికి తిప్పి కడదామా అని. నేలదగ్గర పెద్దగా కనపడదట. పైకి తిప్పించాను, సరిగ్గా మనిషి ముఖమంత ఎత్తులో. ఒకాయన చాలాసేపు చూసి, "ఈ పన్నెండూ గాలికి ఊగుతున్నట్టున్నాయే" అన్నాడు. గాలి కాదు, మా అక్క అన్నాను.

దాచకుండా చెప్తాను. పక్కన అట్ట మీద నా పేరు ఒక్కటే ఉంది. ముందే అచ్చు వేయించేసింది. దాన్ని చూసి, నీ పేరూ, వరండాలో దారం ఎక్కించిన పదిమంది పేర్లూ చేర్చమని అప్పటికప్పుడు అడగాలి కదా? అడగలేదక్కా. ఆ ఒక్క సాయంత్రం దాన్ని అలాగే ఉండనిచ్చాను. నాలుగుసార్లు దాని ముందునుంచి నడిచాను. చాలా సంతోషం వేసింది. పొద్దున్నే వెళ్ళి పేర్లన్నీ రాసిచ్చాను, కొత్త అట్ట గురువారం వస్తుంది. కోప్పడితే కోప్పడు, ఒక్క సాయంత్రమే కదా.

ఇంకో తీవాయ్‌వాయ్ కావాలంది ఫ్రాన్సెస్, రెండేళ్ళ తర్వాతి ప్రదర్శనకి. కుడతానన్నాను. నా చేతులు ఇంకా ఆగమనట్లేదు. కానీ నీ వరండాలో, అందరితో, పొద్దుటిపూట మాత్రమే. మధ్యాహ్నం మా ఆయనతో పగడపు రాళ్ళ మీదికి వెళ్ళాలి, అవతల జారిపోతున్న చేపల్ని లెక్కపెట్టడానికి ఒక మనిషి కావాలి కదా. టోకోరోవా ఇల్లు అద్దెకిచ్చేస్తున్నాం. గోడ మీది ఈ తీవాయ్‌వాయ్ ఫిబ్రవరిలో దింపాక మా మంచం మీదికి. నలభై నాలుగేళ్ళ కాపురంలో కుట్టినవన్నీ ఎవరికో ఒకరికి ఇచ్చేశాం, మేం మాత్రం మిల్లువాళ్ళిచ్చిన కంబళి కప్పుకున్నాం.

ఇంకో రెండు వారాలు ఉండమన్నారు. కాలేజీ పిల్లలకి నాలుగు మాటలు చెప్పాలట, పేపరువాళ్ళు వస్తారట. ఉండాలని నాకూ ఉంది. అబద్ధమెందుకు, చాలా ఉంది. ఉండనన్నాను. నేనొచ్చేసే ముందురోజు నువ్వు నా మొహం చూడ్డానికి దగ్గరికొచ్చి, తల కొంచెం అటూ ఇటూ తిప్పి వెతుక్కున్నావు. ఇక్కడికొచ్చినప్పటినుంచీ అదే కనపడుతోంది.

శనివారం విమానంలో వస్తున్నా. పయేరే, అక్కని ముందు వరసలో, ఎండకి ఎదురుగా కాకుండా నిలబెట్టు. నిన్నటి ప్రదర్శనకని ఒక టోపీ కొన్నానక్కా. ఆకుపచ్చది, చక్రమంత ఉంది, మీద ఒక పిట్ట ఉంది. ఎందుకు కొన్నానో నాకే తెలీదు, పాస్టరమ్మలు కూడా అలాంటిది పెట్టుకోరు. అదే పెట్టుకుని దిగుతాను. పయేరే నీకు ముందే వర్ణించి చెప్పకూడదు. నువ్వు నీ కన్నుతో దాన్ని చూసి, విమానాశ్రయంలో అందరి ముందూ పకపకా నవ్వాలి. త్వరగా వచ్చేస్తున్నా.

నీ చెల్లెలు
అకాయితీ